కడుపు మీద పేగు నోరు: మూడు వందల ఏళ్ల కథ

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రికి నడిచే నెల్లూరు, సూళ్లూరుపేట వాళ్లు ఎప్పుడూ ఉంటారు. పేగు పగిలో, మెలికపడో వచ్చిన మనిషికి రాత్రికి రాత్రే ఆపరేషన్. "పాడైన ముక్క తీసేసి, పేగు చివర బయటికి తెచ్చి సంచి తగిలిస్తాం" అనగానే ఏ ఆసుపత్రిలోనైనా ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: లోపలే కుట్టేయొచ్చు కదా సార్?

మలం కారి చీము పట్టిన కడుపులో, బీపీ పడిపోయిన మనిషికి వేసిన కుట్లు అతుక్కుంటాయన్న నమ్మకం లేదు. విడిపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే స్టోమా, అంటే కడుపు మీద తెరిచే పేగు నోరు. కొందరికి నెలల తర్వాత మళ్లీ లోపల కలుపుతారు, కొందరికి అలాగే ఉండిపోతుంది.

ఈ ఆలోచన 1710 నాటిది. మలం పోయే దారి మూసుకుపోయి పుట్టి, ఆరు రోజులకే పోయిన పసికందును చూసి ఫ్రెంచి వైద్యుడు లిత్రే సూచించాడు. 1776లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో పిలోర్ అనే సర్జన్ ఒక ద్రాక్షసారా వ్యాపారికి ఆ ఆపరేషన్ చేశాడు. దారి బాగానే పనిచేసింది గానీ, అడ్డు తొలగుతుందని అంతకుముందు తాగించిన పాదరసం చిన్నపేగును కుళ్లబెట్టి, 28వ రోజున ఆయన పోయాడు. 1793లో దురే అనే మరో ఫ్రెంచి సర్జన్ మూడు రోజుల బిడ్డకు చేశాడు. ఆ బిడ్డ 45 ఏళ్లు బతికాడు! సంచి అనగానే ఏడ్చే తల్లులకు ముందు ఈ మాట చెప్పాలి.

పాడైన ముక్క తీసి, పై చివరను బయటికి తెచ్చి, కింది చివరను లోపలే మూసేసే ఆపరేషన్‌ను హార్ట్‌మన్ అంటారు, ఇవాళ ఎమర్జెన్సీలో తరచూ చేస్తారు. ఫ్రెంచి సర్జన్ హార్ట్‌మన్ దాన్ని 1921లో చెప్పింది క్యాన్సర్ కోసం. పగిలిన పేగుకు వాడటం తర్వాత వచ్చింది.

కోత ముందే వచ్చింది, సంచి మాత్రం చాలా ఆలస్యం. చర్మానికి అంటుకునే సంచిని 1954లో డెన్మార్క్ నర్సు ఎలిసె సోరెన్‌సెన్ తన చెల్లెలి బాధ చూడలేక ఆలోచించింది. 1958లో అమెరికాలో డాక్టర్ టర్న్‌బుల్, తానే స్టోమాతో బతుకుతున్న నార్మా గిల్‌ను ఇలాంటి రోగులకు నేర్పే పనిలో పెట్టుకున్నాడు. ఆపరేషన్‌కు ముందే మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, మడత పడని చోట స్టోమాకు పెన్నుతో గుర్తు పెట్టడం ఇప్పుడు స్టోమా చూసే నర్సుల పనిలో భాగం. ఎమర్జెన్సీలోనూ వీలైతే పెట్టాలి, పట్టేది నిమిషాలే.

ఇదే చెన్నైలో ఒక ఆసుపత్రిలో మా బాబాయికి స్టోమా సరిగ్గా నడుము మడతలో వచ్చింది. లోపలి పెదవిలా ఎర్రగా, తడిగా ఉండేది, ముట్టుకుంటే నొప్పి కూడా లేదు. కానీ కూర్చుంటే చాలు, సంచి అంచు లేచి లీకయ్యేది. పంచె ఎక్కడ కడతారని ముందు రోజు ఆయన్ను ఎవరూ అడగలేదు.