తెల్ల కణం మెల్లగా కదిలితే ఇమ్యూనిటీ పడిపోయినట్టేనా?

పోయిన నెల ఒకాయన మా ల్యాబ్‌కు వచ్చి ఫోన్‌లో వీడియో చూపించారు. ఎక్కడో వేలు గుచ్చి, ఒక చుక్క తీసి, అప్పటికప్పుడే స్క్రీన్ మీద చూపించారట. "మీ తెల్ల కణాలు కదలట్లేదు, ఇమ్యూనిటీ పడిపోయింది" అని మూడు నెలలకు సరిపడా పొడులు అంటగట్టారు. ఆయనకు టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేశాం. తెల్ల కణాల టోటల్ కౌంట్ 6,800, వాటిలో ఏ రకం ఎన్నో చెప్పే డిఫరెన్షియల్ కూడా నార్మలే. ఇలా రంగు వేయని తాజా చుక్కను మైక్రోస్కోప్‌లో చూపించే లైవ్ బ్లడ్ పరీక్ష చేయించుకుని బెంగపడేవాళ్ల కోసం, పాథాలజిస్టుగా ఇది రాస్తున్నాను.

అపోహ: కణాల కదలిక తక్కువైతే రోగనిరోధక శక్తి తక్కువ.

వాస్తవం: న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం మన ఒంట్లో 37 డిగ్రీల వేడిలో బతుకుతుంది. ఏసీ గదిలో చల్లటి గాజు మీద పడితే గుండ్రంగా ముడుచుకుంటుంది. స్లైడ్‌ను వెచ్చగా ఉంచితే అదే కణం సాగి పాకడం మొదలెడుతుంది. సమయం గడిచేకొద్దీ చుక్క మీద కప్పే పలుచటి గాజు (కవర్ స్లిప్) అంచులు ఆరిపోతాయి, లోపల ఆక్సిజన్ తగ్గుతుంది, కణాలు చచ్చిపోతాయి. అంటే ఆ వీడియోలో తెలిసేది ఎక్కువగా స్లైడ్ పరిస్థితే. కణాలు రక్తనాళం దాటి వెళ్లలేని జబ్బులు నిజంగానే ఉన్నాయి, కానీ చాలా అరుదు. అలాంటి ఒక జబ్బులో పసిబిడ్డకు బొడ్డు ఊడటం ఆలస్యమవుతుంది, తెల్ల కణాల కౌంట్ బాగా పెరుగుతుంది. దాన్ని కణాల మీది ప్రొటీన్లను లేజర్‌తో చూసే ఫ్లో సైటోమెట్రీతో తేలుస్తారు.

అపోహ: కణం లోపల మిణుకుమంటూ ఆడే చుక్కలు బ్యాక్టీరియా.

వాస్తవం: అవి ఆ కణంలో ఉండాల్సిన రేణువులే. నల్లటి నేపథ్యం మీద చూపించే డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోప్‌లో మెరుస్తాయి, కణం చనిపోయేటప్పుడు ఇంకా గట్టిగా ఆడతాయి.

అపోహ: తెల్ల కణం న్యూక్లియస్‌లో లోబ్‌లు (తమ్మెలు) ఎక్కువుంటే బి12 లోపం.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది, అందుకే జనం సులభంగా నమ్ముతారు. అయితే రంగు వేయని చుక్కలో లోబ్‌లు నమ్మకంగా లెక్కపెట్టలేం. చుక్కను గాజు మీద పలుచగా పరిచి (స్మియర్ తీసి), లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి, వంద న్యూట్రోఫిల్స్ చూడాలి. ఐదు లోబ్‌లున్నవి నూటికి ఐదు దాటినా, ఆరు లోబ్‌లున్నది ఒక్కటి కనిపించినా అనుమానించి బి12, ఫోలేట్ పరీక్షలు రాస్తాం. రక్తం గడ్డకట్టకుండా మందు ఉండే ఊదా మూత ట్యూబులో గంటల తరబడి నిలవున్న రక్తంలో కూడా న్యూక్లియస్ రూపం చెడుతుంది. స్మియర్ రెండు గంటల్లోపే తీయాలని మా టెక్నీషియన్లతో నేను గొడవపడేది అందుకే.

అపోహ: లైవ్ బ్లడ్ పరీక్ష క్యాన్సర్‌ను ముందే పసిగడుతుంది.

వాస్తవం: 2005లో ప్రచురించిన ఒక జర్మన్ పరిశీలనలో 110 మందిని ఇలా చూశారు. వాళ్లలో 12 మందికి అప్పటికే క్యాన్సర్ ఒళ్లంతా పాకి ఉంది. పట్టుకోగలిగింది ముగ్గురినే.

అలాగని తాజా చుక్క పనికిరానిదని కాదు. ఫైలేరియా అనుమానం ఉంటే రాత్రి పది దాటాక తీసిన చుక్కలో పిల్ల పురుగులు ఎర్ర కణాలను నెట్టుకుంటూ మెలికలు తిరగడం కళ్లారా కనిపిస్తుంది. అప్పుడు కూడా రంగు వేసిన స్మియర్‌లో ఏ జాతో చూసుకున్నాకే రిపోర్టు మీద సంతకం పెడతాను.