పాత ఎంజీబీ కారు డిక్కీలో కొత్త స్పేర్లున్నాయి, ఇంకేం భయం అనుకునేవాళ్ల కోసం

ఎండలు మొదలైతే చాలు, మన వాళ్ల ఫోన్లు మొదలు. "అన్నా, కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది, పార్టులన్నీ కొత్తవే వేశాను, డిక్కీలో ఇంకో సెట్టు కూడా ఉంది, అయినా స్టార్ట్ అవ్వట్లేదు". నేను ఉండేది ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, పని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు రిపేర్ చేయడం, అందులో ఎంజీబీలే ఎక్కువ. 1962 నుంచి 1980 దాకా ఇవి తయారైన అబింగ్డన్ ఇక్కడికి దగ్గరే. ఈమధ్య డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, మన తెలుగోళ్లు కూడా బాగానే కొంటున్నారు, సంతోషం. కానీ టూల్ కిట్ విషయంలో వాట్సాప్‌లో తిరిగే సలహాలు చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: కొత్త రోటార్ (గిర్రున తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచే ముక్క), కొత్త కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా చూసే చిన్న డబ్బీ) కొని ప్యాకెట్ విప్పకుండా డిక్కీలో పడేస్తే చాలు.

వాస్తవం: ప్యాకెట్‌లో ఉన్నది పనిచేస్తుందో లేదో మీకు తెలీదు, నాకు తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. ఇప్పుడొచ్చే చౌక రోటార్లలో పైన ఇత్తడి ముక్కని ప్లాస్టిక్‌కి రివెట్‌తో బిగిస్తారు, ఆ రివెట్‌కీ కింద షాఫ్ట్‌కీ మధ్య ప్లాస్టిక్ పల్చగా, నాసిగా ఉందనుకోండి, ప్లగ్గుకి పోవాల్సిన వేల వోల్టులు అటునుంచటే షాఫ్ట్ ద్వారా ఎర్త్ అయిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఠక్కున ఆగుతుంది. కండెన్సర్‌దీ అదే బాగోతం, వేడికే చస్తుంది, కాసేపు ఆగితే మళ్లీ బతుకుతుంది. దాంతో అందరూ పెట్రోల్ ఆవిరైపోతోంది అనుకుని కార్బొరేటర్ మీద పడతారు.

రెడింగ్‌లో ఉండే ఒక డాక్టర్ గారికి సరిగ్గా ఇదే అయింది. కాట్స్‌వోల్డ్స్ వైపు వెళ్తుంటే ఆగిపోయింది. పాపం ఆయన జాగ్రత్తపరుడే, స్పేర్ రోటార్ తీసి వేశారు, కాస్త దూరం వెళ్లి మళ్లీ ఆగింది. రెండూ ఒకే షాపులో ఒకేసారి కొన్నవి మరి. గ్రూపులో ఎవరో మహానుభావుడు కార్బొరేటర్ మీద తడిగుడ్డ వేయమన్నాడట, ఇంకొకాయన విప్పి చూడమన్నాడట. నేను వెళ్లేసరికి ఎస్‌యూ కార్బొరేటర్ పిస్టన్ గడ్డిలో రుమాలు మీద ఉంది, వాళ్లావిడ కారులో మౌనంగా కూర్చుని ఉన్నారు. రోటార్ ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, వేల వోల్టులు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే మెయిన్ వైరుని ఇన్సులేషన్ ఉన్న ప్లేయర్‌తో పట్టుకుని రోటార్ ఇత్తడికి ఒక 3 మిల్లీమీటర్ల పైన ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మూసుకుని ఉన్న పాయింట్లని (కాయిల్ కరెంటుని కలిపి తెంపే స్విచ్ లాంటివి) స్క్రూడ్రైవర్‌తో అలా విడదీశాను. టప్ మని రోటార్ మీదకి స్పార్క్ దూకింది. మంచి రోటార్ మీదకి దూకదు, దానికి ఎర్త్‌కి దారే ఉండదు కాబట్టి. నా పెట్టెలోంచి వాడిన పాత రోటార్ ఒకటి తీసి వేస్తే ఇంటిదాకా వెళ్లిపోయారు. "కొత్తదే కదండీ" అని ఆయన అంటూనే ఉన్నారు. ఆయన తప్పేం లేదు, కొత్తది అంటే మంచిది అనే మనమందరం పెరిగాం.

కాబట్టి చేయాల్సింది ఇది. కొత్తది కొన్న రోజే కారుకి వేయండి, రివెట్ లేని రకం దొరికితే అదే కొనండి, ఒక నెల రోజులు ఎండలో ట్రాఫిక్‌లో బాగా వేడెక్కేలా తిప్పండి. కారులోంచి తీసిన పాతది, అంటే నిన్నటిదాకా నడిచినది ఉంది చూశారూ, అదీ మీ స్పేర్. కండెన్సర్, పాయింట్లు, కాయిల్ అన్నిటికీ ఇదే. పాయింట్లు వేస్తే గ్యాప్ 0.015 అంగుళాలు, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు పెట్టాలి, కాబట్టి ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ కూడా పడేసుకోండి.

"నాది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అన్నా, నాకివన్నీ అక్కర్లేదు" అనేవాళ్లకి: అది పోతే పూర్తిగా పోతుంది, రోడ్డు పక్కన చేసేదేం ఉండదు. పాత పాయింట్లు, కండెన్సర్ ప్లేట్‌తో సహా దాచుకోండి. ఇంకోటి, రోటార్ మీకూ ఉంది.

అపోహ: మంచి మెట్రిక్ సెట్ ఉంది, సరిపోతుంది. సరిపోదు. ఈ కారుకి ఎక్కువ వాడేవి 7/16, 1/2, 9/16 అంగుళాల పానాలు. 13 నంబర్ పానా 1/2 నట్టుకి లూజు, నట్టు మూలలు అరిగిపోతాయి. 11, 14 అయితే అసలు ఎక్కవు. ఆ మూడూ, టెస్ట్ ల్యాంపు, ప్లేయర్, రెండు స్క్రూడ్రైవర్లు, కాస్త వైరు ఉంటే చాలు, 100 ముక్కల పెట్టె మోయక్కర్లేదు. వైర్ వీల్స్ (మధ్యలో ఒకే పెద్ద నట్టుతో బిగే తీగల చక్రాలు) ఉంటే రాగి సుత్తి, ఎనిమిది పలకల నట్టయితే దాని పానా.

ఫ్యూజులు: ఈ కార్లలో ఉండే లూకాస్ కంపెనీ గాజు ఫ్యూజు మీద 35 ఆంప్స్ అంటే అది కాలిపోయే లెక్క, ఎప్పుడూ మోయగలిగేది అందులో సగమే. అమెరికాలో ఉన్న మన వాళ్లు షాపుకెళ్లి అదే నంబర్ తెస్తున్నారు, అక్కడి 35 నిజంగానే 35 మోస్తుంది, ఈలోపు వైరింగ్ కాలుతుంది.

ఇగ్నిషన్ ఆన్ చేస్తే వెనకనుంచి పెట్రోల్ పంపు టిక్కుటిక్కు వినపడకపోతే దాని ఒంటి మీద మెల్లగా ఒకటి తట్టండి, చాలాసార్లు లేస్తుంది. ఇది పుకారు కాదు, నిజమే.

ఇక్కడ బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయింది, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. ఇథనాల్‌కి తట్టుకునే పైపు ముక్క, రెండు క్లిప్పులు పెట్టుకోండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాదు, సీట్లోంచి చెయ్యి చాపితే అందేలా.

వార్నింగ్ ట్రయాంగిల్ మాత్రం మోటార్‌వే మీద పెట్టకండి, మామూలు రోడ్డయితే కారు వెనక కనీసం 45 మీటర్ల దూరంలో. మోటార్‌వేలో ఆగితే ఎడమ తలుపు నుంచి దిగి బారియర్ అవతలకి వెళ్లి రికవరీకి ఫోన్ చేయండి, ఫ్లాట్‌బెడ్ (కారుని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) పంపమని ముందే చెప్పండి. పానా పట్టుకుని బానెట్ ఎత్తే చోటు కాదు అది.