"కాలం మారిపోనాది" అంటున్న విశాఖ: అపోహలు - వాస్తవాలు

విశాఖ తీరంలో ఇంటింటికీ తిరిగి వాతావరణం గురించి జనం చెప్పేది రాసుకోవడం నా పని. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. జనం కళ్లతో చూసింది చాలావరకు నిజమే, ఎందుకు జరిగిందన్న దగ్గరే పొరపాటు పడతారు. ఆ పొరపాటు సాకుతో వాళ్లు చూసినదాన్ని కూడా కొట్టిపారేయడం అన్యాయం.

అపోహ: జాలరిపేటల వాళ్లకు వాతావరణ మార్పు గురించి తెలియదు.

ఆ మాట తెలియదు, అంతే. మొదట్లో "వాతావరణ మార్పు గురించి విన్నారా?" అని అడిగేవాణ్ణి. "లేదు బాబూ" అనేవారు. తర్వాత "మృగశిర కార్తె ఎలా ఉంటోంది?" అని అడగడం మొదలుపెట్టాను. ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూనే గంటసేపు చెప్పాడు. మృగశిరకు ముంగిళ్లు చల్లబడాలి కదా, ఇప్పుడు ఆ కార్తె దాటినా చెమట ఆగట్లేదట. అయితే మొన్నటి ఎండ ముప్పై ఏళ్ల కిందటి ఎండ కంటే ఎవరికైనా పెద్దగానే గుర్తుంటుంది. అందుకే ఆ మాటను వాతావరణ కేంద్రం రికార్డులతో పోల్చి చూడాలి.

అపోహ: డాల్ఫిన్ నోస్ కొండ ఉండగా మన ఊరికి తుఫాను రాదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖనే తాకింది. వందల కిలోమీటర్ల మేర పరుచుకునే తుఫాను దారిని ఒక కొండ మళ్లించడం కుదరదు, ఆ దారిని నడిపేది పైవాతావరణంలోని గాలులు. కానీ ఈ నమ్మకంలోనూ కొంత నిజం ఉంది. ఇక్కడ తీరానికి దగ్గర్లోనే సముద్రం లోతెక్కుతుంది, ఊళ్లో చాలా భాగం ఎత్తు మీద ఉంది. అందుకే 1977లో దివిసీమను ముంచినంత ఉప్పెన ఇక్కడ లేవడం కష్టం. గాలికీ వానకీ మాత్రం ఆ అడ్డు లేదు.

"తుఫాన్లు ఎక్కువయ్యాయి" అని కూడా అంటారు. బంగాళాఖాతంలో వాటి సంఖ్య పెరిగిందని గట్టిగా చెప్పలేం. సముద్రం వేడెక్కడం వల్ల వచ్చినవి తొందరగా బలపడే అవకాశం, ఎక్కువ వాన కురిపించే అవకాశం పెరుగుతున్నాయి. వేటకు వెళ్లినవాళ్లు ఒడ్డుకు చేరడానికి దొరికే టైమ్ తగ్గుతుంది, నా భయమంతా దాని గురించే.

అపోహ: ఆర్కే బీచ్ కోతకు గురవుతోందంటే కారణం భూతాపమే.

మన తీరం వెంట అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కువగా మోస్తాయి. ఓడరేవు బయటి భాగమైన ఔటర్ హార్బర్‌కు సముద్రంలో అడ్డుగోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణాన ఆగిపోయింది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు సరిగా చేరట్లేదు. అందుకే డ్రెడ్జింగ్‌లో, అంటే ఓడరేవు అడుగున పూడిక తీసేటప్పుడు, వచ్చిన ఇసుకను బీచ్‌లో పోస్తుంటారు. సముద్రమట్టం పెరగడం దీనికి తోడవుతోంది. రెండూ కలిపి చూడాలి, ఒక్కదాని మీదే నెట్టేస్తే పరిష్కారం దొరకదు.

చేపలు తగ్గడమూ అంతే. నీళ్లు వేడెక్కడంతో పాటు బోట్లు పెరగడం, పిల్ల చేపల్ని కూడా ఊడ్చేసే సన్న కన్ను వలలు కూడా కారణాలే.

అపోహ: విజయవాడలో 45 డిగ్రీలు, మనకు 37. మనకేం ఫర్వాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. వాతావరణ శాఖ వడగాడ్పులకు మైదానాల్లో 40 డిగ్రీల నుంచి చూస్తే, తీరంలో 37 నుంచే చూస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. హుద్‌హుద్‌కు చెట్లు కూలిపోవడం వల్లే ఎండలు పెరిగాయని చాలామంది అంటారు. వీధిలో నీడ పోయిన మాట నిజం. కానీ రోహిణి కార్తె ముగిసినా వదలని ఉక్కపోతను ఆ చెట్ల లెక్కలోనే వెయ్యలేం.

కొండవాలులో ఒక రేకుల ఇంట్లో రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది. సిమెంటు గచ్చు మీద నీళ్లు చల్లి పిల్లల్ని పడుకోబెట్టింది ఆ ఇంటావిడ. "పగలు ఎలాగో గడుస్తాది బాబూ, రాత్రే" అంది. మా ఫారంలో పగటి ఎండ గురించి ఆరు ప్రశ్నలున్నాయి, రాత్రి గురించి ఒక్కటీ లేదు. మర్నాడే చేర్చాను: "నిన్న ఎన్నింటికి నిద్రపట్టింది?"