మూత్రంలో జీన్ టెస్టు చేయిస్తే పైపు పరీక్ష తప్పుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో యూరాలజీ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ మధ్య ఓపీలో తరచూ వినబడే ప్రశ్న: "సార్, మూత్రంతోనే మూత్రాశయ క్యాన్సర్ తెలిసిపోయే జీన్ టెస్టు వచ్చిందంట గదా, ఇంకా ఆ పైపు పరీక్ష ఎందుకు?" పైపు పరీక్షంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో (స్కోపు) మూత్రాశయం లోపల చూడటం. దానికి జవాబు చెప్పేముందు అంతకంటే ప్రమాదకరమైన ఇంకో మాట గురించి చెప్పాలి.

అపోహ: "మూత్రం ఒకసారి ఎర్రగా వచ్చి తగ్గిపోయింది, వేడి చేసిందంతే."

కందుకూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, నలభై ఏళ్లుగా బీడీ అలవాటు. అంతకుముందు మూడుసార్లు ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది, నొప్పి మాత్రం లేదు. ప్రతిసారీ బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగారు, రెండు రోజుల్లో మామూలైపోయింది. నాలుగోసారి కూల్‌డ్రింక్ సీసాలో పట్టి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు: కుంకుమ కలిపిన నీళ్లలా ఉంది, అడుగున నల్లటి రక్తపు గడ్డలు. బార్లీ నీళ్లతో ఆగిన రక్తం కాదది. మూత్రాశయంలో కణితి ఉంటే రక్తం అలాగే వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. రాళ్లు, ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ వల్ల కూడా రావచ్చు, నిజమే, కానీ చూడకుండా ఏదని చెప్పగలం?

"పొగ తాగితే ఊపిరితిత్తులకే కదా" అన్నారాయన. కాదు. పొగలోని విషాలు రక్తంలో కలుస్తాయి, వాటిని కిడ్నీలు వడగడతాయి, ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటుంది. ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగే కారణం. పొగాకు పండించే జిల్లా మనది, ఈ సంగతి మనకే ముందు తెలియాలి.

అపోహ: "జీన్ టెస్టంటే వంశపారంపర్యం, మా పిల్లలకూ చేయించాలా?"

అక్కర్లేదు. మూత్రాశయం లోపలి పొర నుంచి రాలి మూత్రంలో కలిసే కణాల్లో, పుట్టుకతో కాకుండా బతుకులో మధ్యలో వచ్చిన మార్పులను ఈ టెస్టులు వెతుకుతాయి. టెర్ట్, ఎఫ్‌జీఎఫ్ఆర్3 అనే జన్యువుల్లో మార్పులు వీటిలో ముఖ్యమైనవి. ఫిష్ అనే పరీక్ష 3, 7, 17, 9 క్రోమోజోముల్లో తేడాలు చూస్తుంది. వంశంలో వచ్చే కేసులు చాలా తక్కువ.

అపోహ: "రిపోర్టు నెగెటివ్, ఇక టెన్షన్ లేదు."

నేను ఎక్కువగా పోట్లాడేది దీని గురించే. కణితి చిన్నదైతే, నెమ్మదిగా పెరిగే రకమైతే, మూత్రంలోకి రాలే కణాలు తక్కువ, టెస్టుకు దొరక్కపోవచ్చు. ఇరాన్‌లోని గోలెస్తాన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, తర్వాత క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరి మూత్రంలో టెర్ట్ మార్పు పదేళ్ల ముందే కనబడింది, నిజంగా గొప్ప విషయమే. కానీ సగం మందికి పైగా ఆ మార్పు కనబడనే లేదు. అందుకే ఎర్రగా వచ్చినవాళ్లకు నెగెటివ్ రిపోర్టు చూసి స్కోపు మానేయమని నేను చెప్పను. మత్తు జెల్ వేసి వంగే సన్నటి స్కోపుతో చూస్తే కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి పోవచ్చు, ఒకటి రెండు రోజులు కాస్త మంట ఉంటుంది.

మరి ఈ టెస్టులు ఎందుకంటే, కొన్ని క్యాన్సర్లు గడ్డలా లేవకుండా పొరకు అంటుకుని చదునుగా ఉంటాయి, కెమెరా కంటికి తప్పిపోతాయి. అక్కడ మూత్రంలోని కణాలే పట్టిస్తాయి. ఆ పెద్దాయనకు కణితి తీసేశాక స్కోపుతో పాటు ఈ టెస్టులూ చేస్తున్నాం, ఎందుకంటే ఈ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది.

పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఖాయమా? కాదు. జీన్లు కాకుండా మూత్రంలో కణితి గుర్తులైన ప్రొటీన్లు చూసే టెస్టులు రాళ్లున్నా, ఇన్ఫెక్షనున్నా పాజిటివ్ చూపించొచ్చు. జీన్ టెస్టు పాజిటివ్ వచ్చి స్కోపులో ఏమీ లేకపోతే, రిపోర్టు పక్కన పడేయకుండా సీటీతో కిడ్నీలు, మూత్రనాళాలు కూడా చూసి, కొన్నాళ్లు గట్టిగా ఫాలో అవుతాం.

శాంపిల్ గురించి ఒక మాట. కణాలను చూసే సైటాలజీకి తెల్లవారి మొదటి మూత్రం తేవద్దు, రాత్రంతా నిలవుండి కణాలు పాడైపోతాయి. జీన్ టెస్టుకు కిట్‌లో ఇచ్చిన ట్యూబులోనే పట్టండి. మార్కాపురం నుంచి ఎండలో బస్సెక్కి వాటర్ బాటిల్‌లో తెస్తే లాభం లేదు.

ఆడవాళ్లకు రాదనేది ఇంకో అపోహ. మగవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ, అంతే. ఆడవాళ్లలో ఇన్ఫెక్షన్ అనుకుంటూ నెలలు గడిచిపోతాయి. అమ్మా, కల్చర్‌లో సూక్ష్మజీవి ఏమీ పెరగకపోయినా మళ్లీ అదే యాంటీబయాటిక్ రాస్తుంటే, స్కానింగ్, స్కోపు సంగతి ఏమిటని మీరే అడగండి.