కళింగపట్నం ఇసుకలో గాలి జంతువు

మధ్యాహ్నం దాటాక కళింగపట్నం బీచ్‌లో సముద్రం మీంచి గాలి అందుకుంటుంది. ఆ గాలినే తిని బతికే జంతువు ఉంటే? నెదర్లాండ్స్ కళాకారుడు థియో యాన్సెన్ 1990 నుంచి అలాంటివే తయారుచేస్తున్నాడు. వాటి పేరు స్ట్రాండ్‌బీస్ట్‌లు. ఒళ్లంతా కరెంటు వైర్లు దూర్చే పీవీసీ గొట్టాలే. మోటారు, బ్యాటరీ ఉండవు.

కుట్టుమిషను తొక్కితే చక్రం తిరుగుతుంది. ఇక్కడ తిరగేసి, గాలికి క్రాంక్ (వంపు ఇరుసు) తిరిగితే పాదం ఆడాలి. చిక్కంతా ఆ ఆడే తీరులోనే ఉంది. పాదం ఇసుకను తాకినంతసేపూ నేలకు సమంగా వెనక్కి జరగాలి, తర్వాత గబుక్కున లేచి ముందుకు రావాలి. లేకపోతే ఒళ్లు ఎగిరెగిరి పడుతుంది, ఉన్న శక్తి దానికే అయిపోతుంది.

దీనికి కాలి కడ్డీల పొడవులు కుదరాలి. పదకొండు పొడవులకు పదేసి కొలతలు అనుకున్నా పదివేల కోట్ల రకాల కాళ్లవుతాయి! అన్నీ చూడటం కుదరక యాన్సెన్ కంప్యూటర్లో తోచిన కొలతలతో 1,500 కాళ్లు పుట్టించాడు. బాగా నడిచే 100 ఉంచి, వాటి కొలతలు కలిపి మళ్లీ 1,500 చేయించాడు. ఇలా నెలల తరబడి సాగాక 11 సంఖ్యలు మిగిలాయి.

ఇవి ప్రాణులకు దగ్గరయ్యేది నడకలో కాదు, ఈ సంఖ్యల్లోనే అంటాను. కీ ఇస్తే నడిచే బొమ్మలు పైడితల్లి జాతరలోనూ దొరుకుతాయి. ఈ సంఖ్యలు మాత్రం పోటీలో నెగ్గి మిగిలినవి, అంటే ఒకరకంగా జన్యువులే. యాన్సెన్ వాటిని దాచుకోలేదు. ఎక్కడెక్కడివాళ్లో వాటితో కొత్త జంతువులు చేస్తున్నారు, అదే వీటి సంతానోత్పత్తి అని ఆయన మాట. మనిషి చెయ్యి పడకుండా పుట్టలేనిది ప్రాణి ఎలా అవుతుందని అడగొచ్చు. వైరస్ కూడా ఇంకొకరి కణంలో దూరకుండా పెరగలేదు మరి.

కొన్నిటికి తమను కాపాడుకునే ఏర్పాటూ ఉంది. రెక్కలు ఆడుతూ ప్లాస్టిక్ సీసాల్లోకి గాలి కొట్టి ఉంచుతాయి, గాలి ఆగితే ఆ నిల్వతో నడుస్తాయి. నేలకు దగ్గరగా ఉన్న సన్న గొట్టం గాలి పీలుస్తూ ఉంటుంది. అందులోకి నీళ్లొస్తే జంతువు వెనక్కి తిరుగుతుంది. గాలి మరీ పెరిగితే ఇసుకలోకి మేకు కొట్టుకుని నిలబడేదీ ఉంది.

ఆ మేకు మన తీరంలో ఆగుతుందని నాకు నమ్మకం లేదు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లనే పెకలించేసింది. ఇక్కడ బతకాల్సిన జాతికైతే మేకు కన్నా ముందు, గాలి ముదరగానే తెరచాప ముడుచుకునే గుణం రావాలి.