చెరువులో గోగు కట్టలు, మట్టిలో సెన్సర్

మా చీపురుపల్లి వైపు గోగు కోశాక కట్టలు కట్టి చెరువులో ముంచి పైన బరువు పెట్టేవారు, రెండు మూడు వారాలు ఊరంతా ఆ కంపే. మా తాత రోజూ నీళ్లలోకి దిగి ఒక కాడ పైకి తీసి మొదలు దగ్గర గోటితో గీరేవాడు, నార పుల్లని వదిలి సాఫీగా జారొచ్చిందంటే ఇంక ఆ పూటే కట్టలన్నీ లాగేయాలి, "ఇంకో నాల్రోజులు ఉంచేస్తే నారంతా కుళ్లిపోద్దిరా" అనేవాడు. నీళ్లలో బ్యాక్టీరియా ముందు నారని అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు తింటాయి, నార అసలు సరుకైన సెల్యులోజ్ గట్టిది కాబట్టి దాని వంతు తర్వాత వస్తుంది, మధ్యలో దొరికే ఆ కొద్ది రోజులే రైతువి.

మట్టిలో కలిసిపోయే సెన్సర్లు తయారుచేసేవాళ్ల తిప్పలు కూడా సరిగ్గా ఇవే, పంట అయ్యేదాకా ఉండాలి, ఆ తర్వాత కుళ్లిపోవాలి.

తేమ సెన్సర్ పని సింపులే, దువ్వెన పళ్లలా ఎదురెదురుగా లోహపు గీతలుంటాయి, మట్టిలో తడి పెరిగితే వాటి మధ్య కెపాసిటెన్స్, అంటే విద్యుత్ చార్జిని పట్టి ఉంచే శక్తి పెరుగుతుంది, ఎందుకంటే ఆ శక్తిని ఒక పదార్థం ఎంత పెంచుతుందో చెప్పే డైఎలక్ట్రిక్ విలువ నీటికి 80 దాకా ఉంటే ఎండు మట్టిది 5 దగ్గరే. గొడవంతా ఆ గీతల కింద ఉండే ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ జిగురు కలిపి చేసిన అట్టతో, అది కుళ్లదు, పొలంలో వంద పాతితే పంట కోశాక ఎవరు ఏరుతారు, దుక్కిలో ముక్కలై అక్కడే ఉండిపోతాయి.

అందుకే అట్ట బదులు సెల్యులోజో, కుళ్లే పాలిమరో పెట్టి, గీతలకి రాగి బదులు జింకో మెగ్నీషియమో వాడి చూస్తున్నారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, పీఎల్ఏ అనే ప్లాస్టిక్ మీద బయోడిగ్రేడబుల్, అంటే కుళ్లిపోతుంది అని రాసుందని నమ్మేయకండి. అది లాక్టిక్ ఆమ్లంతో చేసిందే, పెరుగుని పుల్లగా చేసే ఆమ్లమే అది, పుట్టుక మంచిదే, కానీ త్వరగా విరగాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి ఉండే కంపోస్ట్ ప్లాంటు కావాలి, మన పొలం మట్టిలో ఏళ్లు పడుతుంది. పీహెచ్‌బీ అనే ఇంకో ప్లాస్టిక్ అలా కాదు, బ్యాక్టీరియాలే తిండి ఎక్కువైనప్పుడు దాన్ని కొవ్వులా ఒంట్లో దాచుకుంటాయి, 1926లో మోరిస్ లెమోయిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆ సంగతి పట్టుకున్నాడు, దాన్ని తెంపి తినే ఎంజైములు మట్టిలోని సూక్ష్మజీవులకి ముందే ఉన్నాయి. అలాగని మరీ తొందరగా తినేసినా కష్టమే, మొక్కజొన్న కంకి వేయకముందే సెన్సర్ కుళ్లిపోతే ఏం లాభం.

ఆ టైము కుదర్చడానికి పైన మైనం పూస్తారు, పట్టు ప్రోటీన్ అయితే అందులో స్ఫటికాల వాటా పెంచి కరగడాన్ని ఆలస్యం చేస్తారు. 2012లో అమెరికాలో జాన్ రోజర్స్ బృందం పట్టు మీద మెగ్నీషియం, సన్నటి సిలికాన్ పొరలు పెట్టి నీళ్లలో కరిగే సర్క్యూట్లు చేసి చూపించింది.

ఇంకా తెగనిది చిప్పు, బ్యాటరీల సంగతి, అవి తేలిగ్గా కుళ్లవు. నాకు నచ్చిన దారి మాత్రం వాటిని మట్టిలో పెట్టకపోవడమే, ఒక కాయిల్ (తీగ చుట్ట), ఒక కెపాసిటర్ (ఆ దువ్వెన గీతల్లాంటిదే) పాతితే చాలు, తడిని బట్టి వాటి ఫ్రీక్వెన్సీ మారుతుంది, రైతు చేతిలోని రీడర్ పరికరం దగ్గరకి తెచ్చినప్పుడు అది దాన్ని చదువుతుంది, చిప్పూ బ్యాటరీ రెండూ రీడర్లోనే ఉంటాయి కాబట్టి వచ్చే పంటకీ అదే పనికొస్తుంది.