ఆరు వందల గజాల గీత: కూల్ రూఫ్ విధానంలో బస్తీలు ఎక్కడ జారిపోయాయి

ఎండలు ముదిరేసరికి హైదరాబాద్ బస్తీల్లో మళ్లీ పాత ప్రశ్నే లేచింది. రేకుల ఇళ్ల మీద, చిన్న డాబాల మీద కూల్ రూఫ్, అంటే ఎండను తిప్పికొట్టే రంగో పొరో, వేయించే ఖర్చు ఎవరిది? చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం, కావాలనుకున్నవాళ్లు వేయించుకోవచ్చు అన్నది రాష్ట్ర ప్రభుత్వ కూల్ రూఫ్ విధానం చెప్పే జవాబు. ఆ ‘ఐచ్ఛికం’ అనే మాట ఎలా వచ్చిందో తెలియకుండా ఇప్పటి గొడవ అర్థం కాదు.

ఇప్పటి వాదనకు సంబంధించిన మలుపు 2017కీ 2023కీ మధ్య ఉంది.

2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే పొర పరిచి చూశారు. ఆస్కి (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా), హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నిపుణులు ఆ పని వెనుక ఉన్నారు. అలాంటివే అయినా పొర పరచని ఇళ్లతో పోలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ ఉన్నవాళ్లకు 2 డిగ్రీలంటే రిమోట్ మీద రెండు నొక్కులు. గోనె సంచులు తడిపి రేకుల మీద పరిచే ఇంట్లో, పసిపిల్ల ఆ రాత్రి నిద్రపోతుందా లేదా అన్నది ఆ 2 డిగ్రీలే తేలుస్తాయి.

2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం అయిదేళ్ల కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు స్థలం ఎంతున్నా తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. అంతకు తక్కువైతే ఇష్టం. పరీక్ష జరిగింది బస్తీలో, నిబంధన వచ్చింది పెద్ద ఇళ్లకు. నా దృష్టిలో మొత్తం కథ ఈ గీత దగ్గరే మలుపు తిరిగింది.

అధికారుల వైపు కారణం ఉంది. మున్సిపాలిటీ చేతిలో ఉన్న ఆయుధం భవన అనుమతి. కూల్ రూఫ్ లేకపోతే ఓసీ, అంటే కట్టిన భవనంలో ఉండొచ్చనే ధ్రువపత్రం, ఇవ్వం అని చెప్పగలరు. ఉమ్మడి రాష్ట్రంలో 2014లో తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి కూడా పెద్ద వాణిజ్య భవనాలను అనుమతుల దగ్గరే పట్టుకుంది. చిన్న ఇళ్లకు నిర్బంధం పెడితే పేదల్ని వేధించినట్టవుతుందన్న మాటలోనూ నిజం ఉంది.

కానీ బస్తీ ఇల్లు ఓసీ కోసం ఆఫీసు మెట్లు ఎక్కేదెప్పుడు? 2014 చివర్లో వచ్చిన జీవో 58 కింద ప్రభుత్వ భూమిలో ఉన్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించింది 125 గజాల వరకే. పట్టా చేతికొచ్చినా ఆ ఇల్లు 600 గజాల గీతకు ఎంతో దూరం. 40 గజాల ఇల్లు తీసుకోండి. విధానం ప్రకటించినప్పుడు చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. ఆ లెక్కన పైకప్పుకు దాదాపు 10 వేలు. పెట్టిన డబ్బు కరెంటు బిల్లులో తిరిగొస్తుందంటారు. ఏసీ ఉంటే వస్తుంది. ఒక ఫ్యాను, ఒక కూలరు ఉన్న ఇంట్లో మిగలడానికి యూనిట్లే ఉండవు. అక్కడ దక్కేది కాస్త చల్లదనం, కాస్త నిద్ర. వాటికి లెక్కల పుస్తకంలో గడి లేదు.

పైగా కిరాయి ఇళ్లు. పైకప్పు ఓనరుది, దాని కింది వేడి కిరాయిదారుది. రంగు వేయిస్తే రేపు కిరాయి పెంచుతారేమోనన్న టెన్షన్ కూడా ఉంటుంది. ఒక్క ఇల్లు చల్లబడితే వాడ చల్లబడదు. గోడకు గోడ ఆనుకున్న చోట వరుస మొత్తం చేస్తేనే సందులో గాలి మారుతుంది. అంటే ఓనర్లు, కిరాయిదారులు, వార్డు ఆఫీసు, కరెంటు డిస్కం ఒక చోట కూర్చోవాలి.

ఈ నగరానికి అలా కూర్చోవడం కొత్త కాదు. 1967లో ఇక్కడ మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకంలో మున్సిపల్ సిబ్బంది బస్తీ సంఘాలతో మాట్లాడి పనులు ఎంచుకున్నారు. తర్వాతి ఏళ్లలో బ్యాంకు అప్పులు ఇప్పించి, ఇళ్లు బస్తీవాళ్లే కట్టుకునేలా చేశారు. ఆనాడు అనుమతి కాగితం అడ్డురాలేదు, ఎందుకంటే పని ఇంటి గుమ్మం దగ్గరే మొదలైంది.

200 చదరపు కిలోమీటర్ల లెక్క వేసేనాటికి జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. 2025 చివర్లో చుట్టూ ఉన్న 27 పట్టణాలు, కార్పొరేషన్లు అందులో కలిశాయి. నగరం ఔటర్ రింగ్ రోడ్డు దాకా పాకింది, గడువు మాత్రం 2028 దగ్గరే ఉంది. బస్తీ సంఘాలు ఇప్పుడు అడగాల్సింది, వాటి తరఫున నేనూ అడుగుతున్నది ఇదే: మిగిలిన కాలంలో ఆ లక్ష్యంలో కొంత వాటా 125 గజాల లోపు ఇళ్లకు రాసిపెట్టాలి, ఆ ఖర్చు కార్పొరేషన్ భరించాలి, ఏ వాడతో మొదలుపెట్టాలో ఆ వాడవాళ్లను పిలిచి అడగాలి.